దయ్యం వేలు

పోయినవారం మనం బుల్లిని ల్యాబులో, కంప్యూటరు తెర ముందు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషిని పెట్టుకున్నట్టే వదిలేసి వచ్చాం. ఆ చెయ్యి ఇంకా దిగలేదు.

మధ్యలో చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం. బుల్లి ఫోరెన్సిక్ సైన్సులో పీజీ ఆఖరి ఏడాది చదువుతోంది. ఆఖరి ఏడాదిలో ఎవరి ప్రాజెక్టు వాళ్ళు సొంతంగా చేసుకోవాలి. గైడు మేడమ్ మొదటిరోజే తేల్చి చెప్పేసింది. "ప్రశ్న నీది, పని నీది, తప్పు చేస్తే అదీ నీదే. చివర్లో సంతకం మాత్రం నాది" అని. బుల్లి ఎంచుకున్న ప్రశ్న చిన్నది. నేరం జరిగిన చోట అద్దాల మీదా తలుపుల మీదా దొరికిన వేలిముద్రల మీద నల్లటి పొడి చల్లి, తెల్లటి జెలటిన్ పట్టీ అద్ది, ఆ ముద్రని పట్టీ మీదకి ఎత్తుతారు. ఆ పట్టీలు ఏళ్ళు గడిచినా పనికొస్తాయా, బీరువాల్లో పడి పాడైపోతాయా? ఇంతే ఆమె తెలుసుకోవాలనుకున్నది.

పోలీసుల వేలిముద్రల ఆఫీసువాళ్ళు మూసేసిన కేసుల పట్టీలు కొన్ని ఆమెకి ఇచ్చారు. పేర్లు తీసేసి, ఒక అంకె, ముద్ర దొరికిన చోటు మాత్రం ఉంచారు. అయినా వాటిలో ఒకదాన్ని గుర్తుపట్టనివాళ్ళు ఆ ఆఫీసులో లేరు. ఫోటో స్టూడియో నడుపుకునే ఒకతని భార్య, పెళ్ళై ఏడాది తిరగని పిల్ల, ఇంటి వెనక గదిలో ప్రాణం లేకుండా పడి ఉంది. ఆ గది కిటికీ అద్దం మీద దొరికిన బొటనవేలి ముద్ర అది. భర్తది కాదు. చుట్టాలది కాదు. ఇరుగుపొరుగువాళ్ళది కాదు. రికార్డుల్లో ఉన్న ఏ పాత నేరస్తుడిదీ కాదు. అంతవరకూ భర్తనే అనుమానించిన జనం, కోర్టులో అతని లాయరు "మూడో మనిషి కిటికీలోంచి వచ్చాడు, ఇదిగో వాడి వేలు" అనగానే నోరు మూసుకున్నారు. భర్త బయటికి వచ్చేశాడు. మూడో మనిషి మాత్రం ఈనాటికీ దొరకలేదు. "మనిషైతే ఈపాటికి దొరక్కపోతాడా" అని స్టోరులో ఎవరో నవ్వులాటకి అన్న మాట ఆ పట్టీకి పేరైపోయింది. దయ్యం వేలు.

ఆ ముద్రని అప్పట్లో పరీక్షించింది బుల్లి తండ్రి. ఆఫీసులో ఆయన్ని భూతద్దం గారనేవారు. చనిపోయిన పిల్ల తల్లి బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఏటా ఒకసారి వచ్చి ఆఫీసు వరండాలో బల్ల చివర కూర్చుంటుంది. "దొరికాడా బాబూ?" అని అడుగుతుంది. లేదంటే లేచి వెళ్ళిపోతుంది. ఏడవదు, శాపనార్థాలు పెట్టదు. ఆవిడ ఒక్కసారైనా ఏడిస్తే బాగుండునని అక్కడ అందరికీ అనిపిస్తుంది.

పాత పట్టీలతో పోల్చడానికి బుల్లికి తాజా ముద్రలు కావలసివచ్చాయి. "నా వేలు తీసుకో. పాత సరుకు, చవగ్గా ఇస్తాను" అన్నాడు తండ్రి. గాజు పలక మీద ఆయన కుడి బొటనవేలు నొక్కించి, పొడి చల్లి, పట్టీతో ఎత్తి, ల్యాబుకి తీసుకెళ్ళి, తెర మీద ఒక పక్క దయ్యం వేలూ ఇంకో పక్క నాన్న వేలూ పెట్టింది. అక్కడ కదూ మనం ఆగింది.

బుల్లి చెయ్యి దించి వెనక్కి తిరిగి చూసింది. భోజనాల వేళ. ల్యాబులో ఎవరూ లేరు. మూలనున్న ఫ్రిజ్ గురగురమంటోంది.

ముందు ఆమె తేడా వెతికింది. వేలిముద్రల పనిలో ఒక కనికరం ఉంది. రెండు ముద్రలూ ఒకరివే అని చెప్పాలంటే ఎంతో చూడాలి. కావు అని చెప్పడానికి, సర్దిచెప్పలేని తేడా ఒక్కటి దొరికితే చాలు. అది దొరికితే నాన్న గండం గట్టెక్కినట్టే. గీత రెండుగా చీలినచోట ఎర్ర చుక్క, గీత ఆగిపోయినచోట నీలం చుక్క పెట్టుకుంటూ పోయింది. ఎడమవైపు చుక్క పెట్టిన ప్రతిచోటా కుడివైపూ పెట్టాల్సి వచ్చింది. ఎక్కడా గీత మొరాయించలేదు. మొరాయించవేం అని దాన్ని బతిమాలుకుంది కూడా.

చివరికి మచ్చ దగ్గరికి వచ్చింది. బొటనవేలి మధ్యలో ఏటవాలుగా తెల్లటి గీత. చిన్నప్పుడెప్పుడో డబ్బా మూత కోసుకుందని నాన్న చెప్పేవాడు. బుల్లికి నిద్ర రాకపోతే ఆ వేలే కథల పుస్తకం. ఈ గీత నది, నదికి ఇటు రాజు, అటు రాక్షసుడు, దాటాలంటే పడవ కావాలి. పడవ ఎప్పుడూ బుల్లి చిటికెన వేలే. ఆ నది ఇప్పుడు చచ్చిపోయిన పిల్ల ఇంటి కిటికీ మీద పారుతోంది.

మరి అంత చెయ్యి తిరిగిన మనిషికి అప్పుడే ఎందుకు తెలియలేదు? ఆఫీసుల్లో కొట్టే రబ్బరు ముద్ర మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా. జెలటిన్ పట్టీ కూడా అంతే. అద్దం మీద కుడికి తిరిగిన గీత పట్టీ మీద ఎడమకి తిరుగుతుంది. అందుకని పట్టీకి ఫోటో తీశాక దాన్ని అటూ ఇటూ మార్చి సరిచేయాలి. దయ్యం వేలిని సరిచేయలేదు. తిరగబడిన ముద్రతోనే ఊరందరి వేళ్ళూ వెతికారు. అలా వెతికితే దేవుడి వేలైనా దొరకదు. బుల్లికి దొరకడానికి కారణం ఒక్కటే. నాన్న వేలు కూడా ఈసారి పట్టీ మీదే ఉంది. రెండూ ఒకేలా తిరగబడ్డాయి కనక ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

ఇంతమంది మనుషులకి ఇన్ని వేళ్ళు ఇచ్చి, ఒక వేలి మీద గీసిన గీత ఇంకో వేలి మీద గీయకుండా జాగ్రత్తపడ్డాడు పైవాడు. అంత ఓపిక ఎందుకు పట్టాడో మనకి తెలియదు. ఎవరినీ మరిచిపోకూడదని అయి ఉండొచ్చు. కానీ ఒక్కోసారి, కాస్త ఏమరుపాటుగా గీసి ఉంటే ఏం పోయేది స్వామీ అని అడగాలనిపిస్తుంది. బుల్లి ఆ మధ్యాహ్నం అదే అడిగింది.

ఆమెకి తోచిన అర్థం ఇది. నాన్న ఆ గదికి ముద్రలు ఎత్తడానికి వెళ్ళి ఉంటాడు. పొరపాటున అద్దం ముట్టుకుని ఉంటాడు. అలాగైతే మూడో మనిషే లేడు. లేని మనిషి పేరు చెప్పి భర్త బయటపడ్డాడు. లేని మనిషి కోసం ఆ తల్లి ఏటా వచ్చి బల్ల చివర కూర్చుంటోంది.

ఇదంతా బయటపెట్టకుండా ఉండటానికి ఒక్క వాక్యం చాలు. 'ఈ నమూనా పాడైనందున లెక్కలోకి తీసుకోలేదు.' మేడమ్ అడగదు. పరీక్షకులు అడగరు. పట్టీలు పాడవుతాయా లేదా అన్నదే కదా తన ప్రశ్న, ఒకటి పాడైందంటే ఎవరు కాదంటారు? నాన్న పేరు చెక్కుచెదరదు. కాకపోతే ఆ తల్లి వచ్చే ఏడాది మళ్ళీ వస్తుంది. అప్పటికి బుల్లికి ఆ ఆఫీసులోనే ఉద్యోగం వచ్చి ఉంటే, "దొరికాడా అమ్మా?" అని తననే అడుగుతుంది.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ ముద్రలు పోల్చినా, వాళ్ళేం తేల్చారో తెలియని ఇంకొకరు మళ్ళీ చూడాలి. దాన్ని రెండో కన్ను అంటారు. ఆ మాట బుల్లికి నేర్పింది నాన్నే. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆమె ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో అడుగుపెడుతూనే ఆమె కళ్ళకి పాడు జబ్బేదో పట్టుకున్నట్టయింది. తలుపు పిడి మీద నాన్న వేలు. ఫ్రిజ్ తలుపు మీద నాన్న వేలు. స్విచ్చు చుట్టూ మాసిన గోడ మీద, చేతులు కడుక్కునే చోట అద్దం మీద, బల్ల మీద సగం తాగిన గ్లాసు మీద. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో అన్నీ లేచి నిలబడ్డాయి. పుట్టి పెరిగిన ఇల్లు. నాన్న ముట్టుకోని వస్తువు లేని ఇల్లు. ఆ కిటికీ దగ్గరికి వెళ్ళకుండా గోడవారగా నడిచింది.

"ఏంటే, ఇంత ఎండలో పడి వచ్చావ్? మీ మేడమ్ గెంటేసిందా?" తండ్రి భోజనాల బల్ల దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"లేదు నాన్నా. రెండో కన్ను కావాలి."

"నా రెండో కంటికి ఇంకా ఆపరేషన్ కాలేదమ్మా. ఒకటో కన్ను సరిపోతుందా?"

"సరిపోతుందిలే."

"అన్నం తిని ఏడవండి ఇద్దరూ!" వంటింట్లోంచి తల్లి కేకేసింది. "ఆ వేళ్ళు ఎక్కడికీ పారిపోవు."

"పారిపోయినవాళ్ళ వేళ్ళేనే మా దగ్గరికొచ్చేది" అన్నాడాయన. ఆ మాటకి ఆయనే నవ్వుకున్నాడు. చాలాకాలానికి ఎవరో పని అడిగారన్న సంతోషం ఆయన భుజాల్లో కనిపిస్తోంది. కుర్చీ ముందుకు లాక్కుని, పెన్సిలు తీసుకుని, మొన తనవైపు తిప్పుకున్నాడు. తెర మీద వేలు పెట్టడం ఆయనకి గిట్టదు.

బుల్లి రెండు బొమ్మలూ తెరిచింది. పూర్తి వేళ్ళు కావు. మచ్చ కనిపించకుండా, మధ్య సుడి కనిపించకుండా, అంచు ముక్కలు కత్తిరించి పెట్టింది.

"ఇదేంటి, చెవి చూపించి మనిషిని చెప్పమంటావా?"

"మనిషిని చెప్పక్కర్లేదు. ఒకరా, ఇద్దరా. అది చాలు."

"ఎవరివి?"

"చెప్పకూడదుగా."

"శభాష్. నేనడిగినా చెప్పకు. మీ అమ్మ అడిగితే అసలే చెప్పకు, వీధంతా తెలిసిపోతుంది." ఆయన తెర దగ్గరికి వంగాడు. ఒక కన్ను మూసుకున్నాడు. "జెలటిన్ పట్టీలు కదూ ఇవి?"

"ఊఁ."

"తిప్పి పెట్టావా, అలాగే పెట్టావా?"

"అలాగే."

"అదే వద్దనేది! పట్టీ చేతికి రాగానే ముందు తిప్పాలి. అన్నం తినే ముందు చెయ్యి కడుక్కున్నట్టు. ఎన్నిసార్లు చెప్పాను నీకు? సరేలే, రెండూ తిరగబడే ఉన్నాయి గనక సరిపోయింది."

పెన్సిలు వెనక చివర గీత వెంట నడిచింది. ఒకచోట ఆగింది. పక్క బొమ్మలోకి దాటింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్న మనిషికి కదిలినట్టు. బుల్లి ఆ మొహం చూడలేక పెన్సిలు చూసింది. పెన్సిలు చూడలేక బల్ల చూసింది. 'ఒక్క తేడా చూపించు నాన్నా. నాకు కనపడంది నీకు కనపడాలి. నువ్వు భూతద్దం గారివి కదా.'

"ఒకటే" అన్నాడాయన వెనక్కి వాలుతూ.

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"ఇంకోసారి చూడు."

"ఎందుకే? ముక్క చిన్నదే గానీ పుష్కలంగా ఉంది. ఒకటే వేలు, ఒకటే మనిషి. నీ పెళ్ళి ఖాయమో కాదో నేను చెప్పలేను గానీ ఇది ఖాయం. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. ఇప్పుడైనా చెప్పు, ఎవడీ మహానుభావుడు?"

బుల్లి ఒక మీట నొక్కింది. అంచు ముక్కలు పెద్దవయ్యాయి. ఎడమవైపు పూర్తి వేలు వచ్చింది.

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది. లోపల మనిషి వెళ్ళిపోయాక ఇంట్లో వెలుగుతూ మిగిలిపోయిన దీపంలా.

"ఇది... దయ్యం వేలు" అన్నాడు మెల్లిగా.

"అవును."

"దీన్ని నీకెవరిచ్చారు?"

"నమూనాల్లో వచ్చింది. పేరు లేదు, అంకె ఉంది. అందరికీ తెలుసుగా."

"రెండోది చూపించు."

ఆమె చూపించలేదు. చెయ్యి చాచి, బల్ల మీదున్న ఆయన కుడిచేతిని పట్టుకుని, బొటనవేలు పైకి తిప్పింది. చర్మం పలచబడింది. నది మాత్రం ఉన్నచోటే ఉంది.

"మొన్న గాజు పలక మీద తీసుకున్నాను కదా నాన్నా" అంది.

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. "ఏం లేదు, మూత!" అని తల్లి లోపల్నుంచే చెప్పింది.

ఆయన తన వేలిని తనే కొత్తగా చూసుకున్నాడు. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని వెలుగులోకి పెట్టాడు. కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు. కాసేపటికి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఇంకెవరిదో చెయ్యి అయినట్టు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు. నువ్వే రెండో కన్ను."

"మీ మేడమ్‌కి?"

"చెప్పలేదు. నాన్నా, ఇందులో నేను వేరే అర్థం తియ్యడం లేదు. నువ్వా గదికి పనిమీద వెళ్ళి ఉంటావు. అద్దం ముట్టుకుని ఉంటావు. అంతేనా?" ఆమె గొంతు బతిమాలుకుంటోంది. "అంతే కదా?"

ఆయన పెన్సిలు పక్కకి జరిపాడు. ఆ తర్వాత మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. పాఠం చెప్పేటప్పటి గొంతు.

"అప్పట్లో చేతి తొడుగులు ఎక్కడివే. ఒక జత వస్తే దాన్నే ఉతుక్కుని ఆరేసుకునేవాళ్ళం. గది ఉక్కగా ఉంది. ఆ వాసన. కిటికీ రెక్క తోసి ఉంటాను. తర్వాత పొడి చల్లి, నా వేలు నేనే ఎత్తుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళాను." ఆగి, చిన్నగా నవ్వాడు. "ఇన్నేళ్ళూ నన్ను నేనే వెతుక్కున్నానన్నమాట."

"మరి తిప్పకపోవడం?"

"పట్టీలు అప్పుడే కొత్తగా వచ్చాయి. అంతకుముందు మాకు టేపు. టేపుతో ఎత్తిన ముద్ర తిరగబడదు. చెయ్యి పాత అలవాటు మీద పోయింది. దెబ్బలు తిన్నాకే నీకు చెప్పగలుగుతున్నాను, ముందు తిప్పాలని."

బుల్లికి ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. మధ్యాహ్నం నుంచీ గుండె మీద కూర్చున్నదేదో లేచి పక్కకి జరిగింది. పొరపాటు. మనుషులు చేసేదే. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఎడమచెయ్యి.

"పిచ్చిదానా. దీనికేనా? నేనేదో కొంప ముంచాననుకున్నావా?"

"రాయనా మరి?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"రాయి. దాచకు. పరీక్షించినవాడి పొరపాటు అని, కావాలంటే పేరు పెట్టి మరీ రాయి. రిటైరైనవాణ్ణి నన్నేం చేస్తారు, ఉరి తీస్తారా?"

"పేర్లు రాయకూడదు నాన్నా. అంకెలే."

"అంకె పెట్టు."

ఆమె ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. వేళ్ళు మీటల మీద పెట్టి, మళ్ళీ ఆగింది. "అంటే మూడో మనిషి లేడు. ఆ స్టూడియో అతన్ని వదిలేసింది ఈ వేలు చూసే కదా. ఇప్పుడు మళ్ళీ అతన్ని..."

"అతని సంగతి నీకొద్దు."

మాట కటువుగా వచ్చింది. ఆయన ఎప్పుడూ అలా మాట్లాడడు. బుల్లి తలెత్తి చూసింది.

"నీ ప్రశ్న పట్టీల గురించి కదా" అన్నాడు సర్దుకుని. "మనుషుల గురించి కాదు. నీ ప్రశ్న దాటి పోకు. అతను అప్పుడే చాలా పడ్డాడు."

"మరి ఆ కుట్టుపని ఆవిడకి?"

"ఆవిడకి నేను చెబుతాను." ఆయన చూపు కిటికీ మీదికి పోయింది. "నేనే వెళ్ళి చెబుతాను. చెప్పాల్సింది నేనే."

బుల్లి రాయడం మొదలుపెట్టింది. 'ఈ నమూనాలోని ముద్ర, స్థలాన్ని పరిశీలించడానికి వెళ్ళిన పరీక్షకుడిదేనని, పరిశీలన సమయంలో పొరపాటున పడిందని...' ఒక్కో మాట పడుతుంటే మనసు తేలికవుతోంది. నిజం రాస్తున్నానన్న తేలిక. నాన్న పక్కనే ఉన్నాడన్న తేలిక. వచ్చే ఏడాది ఆ తల్లి వరండాకి రానక్కర్లేదు.

"ఏంటే రాస్తున్నావు?"

తల్లి వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిగుడ్డ భుజం మీద వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని. ఆవిడ అలా నిలబడిందంటే ఎవరి తరఫునో పోట్లాడటానికే.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోవడమేంటి, వింటూనే ఉన్నాను. మీ నాన్న ఎక్కడో ఏదో ముట్టుకున్నాడని రాస్తున్నావు కదూ? నలుగురూ చదివే పుస్తకంలో! కన్నతండ్రిని నిలదీయడానికా నీకింత చదువు చెప్పించింది?"

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడాయన. "మా పని గొడవ ఇది."

"మీరు ఊరుకోండి. మీకు కూతురంటే వల్లమాలిన ముద్దు. అది ఏడిస్తే చాలు, చెయ్యని తప్పు కూడా చేశానంటారు. ఎప్పుడూ ఇంతే ఈయన." ఆవిడ బల్ల దగ్గరికి వచ్చింది. "స్టూడియో వాళ్ళ ఇంటి గొడవే కదా ఇది? ఆ పిల్ల పోయిన రోజు సంగతే కదా? ఆ రోజు మీ నాన్న ఆ ఇంటికి పోనే లేదు."

"నీకు గుర్తులేదు" అన్నాడాయన.

"నాకా గుర్తులేనిది? దీనికి తట్టు పోసి ఒళ్ళు కాలిపోతుంటే! ఆఫీసుకి సెలవు పెట్టి దీని మంచం దిగారా మీరు? తడిగుడ్డ నా చేతికి కూడా ఇవ్వలేదు." కూతురివైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో గర్వంతో పాటు కాస్త నీరు కూడా వచ్చింది. "నువ్వు పలవరిస్తుంటే నీకు ఆ నది కథే మళ్ళీ మళ్ళీ చెప్పారే. అలాంటి మనిషి మీద రాస్తావా? ఆ ఇంటికి వెళ్ళింది మీ మేడమ్. అప్పుడు ఈయన కింద పని నేర్చుకునేది. సాయంత్రం గుమ్మంలోకి వచ్చింది, జబ్బు అంటుతుందని నేనే లోపలికి రానివ్వలేదు. అక్కడే నిలబడి, 'కిటికీ అద్దం మీద మంచి వేలు దొరికింది సార్, ఎత్తేశాను' అంది. కావాలంటే రేపు ఆవిణ్ణే అడుగు."

వంటింట్లో కుక్కరు కూత వేసింది.

"నాన్న ఏ తప్పూ చెయ్యలేదని రాయి. అర్థమైందా?" అని, తన మనిషిని తాను కాపాడుకున్నానన్న నమ్మకంతో ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

బుల్లి వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. సగం రాసిన వాక్యం తెర మీద ఉంది. పొడి చల్లి ఎత్తిన ముద్ర అది. అద్దం మీద ఉంటే తప్ప పట్టీ మీదికి రాదు. మేడమ్ ఎత్తేటప్పటికే అద్దం మీద ఉంది. ఆ రోజంతా నాన్న తన మంచం పక్కన ఉన్నాడు. అంటే ఆ కిటికీ ఆయన ముట్టుకున్నది అంతకు ముందు. ఆ పిల్ల ఇంకా ఆ గదిలో తిరుగుతున్నప్పుడు.

ఆమె తండ్రివైపు చూడలేదు. చూడకుండానే, ఆయన లేచి నిలబడటం, కుర్చీ నేలకి రాసుకోవడం విన్నది. ఆయన అడుగులు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగాయి. తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. గడియ పడింది.

"అది చెరిపెయ్యమ్మా" అన్నాడు తండ్రి, వెనకనుంచి. "ఆ పిల్ల నాకెవరో మీ అమ్మకి తెలియదు."